ఓడ మీద కుట్టుమిషన్ వద్దు

ఆ పొద్దున ఓడలో, నేను బొంతలు కుట్టడం నేర్పే క్లాసులో, పద్నాలుగు కుట్టుమిషన్లు ఒకేసారి నడుస్తున్నాయి. ఓడ ముందు రాత్రే తీరం వదిలి బయటి సముద్రంలోకి వచ్చింది. పెద్ద ఊపేం కాదు, నడిచేవాళ్లు గోడ పట్టుకోవాల్సినంత కూడా లేదు. కానీ టేబుల్ మీద పెట్టిన దారపు రీలు మెల్లగా అటు దొర్లి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఇటు దొర్లి వచ్చేది. టేబుళ్ల కింద పెడళ్లదీ అదే పరిస్థితి. కాలు వేసేసరికి అవి ఉండాల్సిన చోట ఉండేవి కావు.

మూడో వరసలో ఒకావిడ చెప్పులు విడిచేసి, ఎడమ పాదంతో పెడల్‌ని కదలకుండా అదిమిపట్టి, కుడి పాదంతో నొక్కుతూ కుడుతున్నారు. నేను దగ్గరికి వెళ్లగానే తలెత్తి, "మేడమ్, అందరూ నాలుగో బ్లాకుకి వచ్చేశారు. నాది ఇంకా రెండోదే. రేపటికి పూర్తవుతుందంటారా?" అని అడిగారు. బ్లాకు అంటే గుడ్డముక్కలు అతికి కుట్టిన ఒక చదరం, అలాంటివి కలిపితేనే బొంత పైపొర అవుతుంది. కళ్లలో నీళ్లున్నాయి. అరవై దాటిన మనిషి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తనకోసం తాను పెట్టుకున్న మొదటి ప్రయాణం ఇదేనని మొదటి రోజే చెప్పారు. ఆ ప్రయాణంలో, నడిసముద్రంలో కూర్చుని, పక్కవాళ్ల టేబుళ్ల వంక చూస్తూ టెన్షన్ పడుతున్నారు. ఆ టెన్షన్ తెచ్చిపెట్టింది నేనే.

"అవుతుందండీ" అన్నాను. అవదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

ఆ ట్రిప్పు తర్వాత నేను ఓడ మీద నేర్పే పద్ధతి మార్చేశాను. ఇప్పుడు నా క్లాసులో మిషన్లు ఉండవు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని సంగతి తర్వాత చెప్తాను. సూది, దారం, గుడ్డముక్కలు, కాగితం, చిన్న కత్తెర, ఇంతే. ఈ మాట అన్నప్పుడల్లా తోటి టీచర్లు ఒప్పుకోరు. ట్రిప్పులు వేసే నిర్వాహకులు అసలే ఒప్పుకోరు. వాళ్లు చెప్పే కారణాలు తీసిపారేసేవి కావు. అందుకే విడివిడిగా వాదించడం మానేసి, నా వైపు మాటంతా ఒకచోట రాస్తున్నాను.

తెలియనివాళ్లకోసం కాస్త వివరం. క్విల్ట్ అంటే మూడు పొరల బొంత. పైన గుడ్డముక్కలు అతికి కుట్టిన పొర, మధ్యలో దూది పొర, కింద అస్తరు. ఈ మూడింటినీ పట్టి ఉంచే కుట్టుని క్విల్టింగ్ అంటారు. ఈ పని ఇష్టపడేవాళ్లు గుంపుగా ఒకే ఓడలో క్యాబిన్లు బుక్ చేసుకుని, వెంట ఒక టీచర్ని తీసుకెళ్తే అది క్విల్టింగ్ క్రూయిజ్. ఓడ రేవులో ఆగిన రోజు అందరూ ఊరు చూడ్డానికి దిగిపోతారు. ఏ రేవూ తగలకుండా రోజంతా నీళ్ల మీదే ఉండే రోజుని సీ డే అంటారు. క్లాసులు ఆ రోజుల్లోనే. ఓడలోని ఏదో ఒక మీటింగ్ హాలు మనకిస్తారు. మిషన్లు సాధారణంగా ఎవరో ఒక డీలర్ సమకూరుస్తాడు.

కాగితం మీద చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఏడు రాత్రుల అలాస్కా ట్రిప్పు తీసుకోండి. మామూలుగా అందులో రెండు మూడు రోజులు క్లాసుకి దొరుకుతాయి. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. రెండు రోజులకి పన్నెండు గంటలు. పన్నెండు గంటల్లో ఒక చిన్న క్విల్ట్ పైపొర కుట్టేయొచ్చని టీచరూ అనుకుంటుంది, వచ్చేవాళ్లూ అనుకుంటారు. ఇంట్లో అయితే కుట్టేయొచ్చు కూడా. ఓడ మీద ఆ పన్నెండు గంటలు ఎలా కరిగిపోతాయో చూసినవాళ్లకే తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు ఇస్త్రీ. క్విల్టింగ్‌లో సగం పని ఇస్త్రీయే. రెండు ముక్కలు కలిపి కుట్టగానే, కుట్టుకని వదిలిన పావు అంగుళం గుడ్డని ఒక పక్కకి మడిచి ఇస్త్రీ చేస్తేనే తర్వాతి కుట్టు చదునుగా వస్తుంది. చేయకపోతే అక్కడ గుడ్డ ఉబ్బుతుంది, మూలలు కలవవు. ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చిందనుకోండి, కంటికి కనిపించదు. ఎనిమిది కుట్లు దాటేసరికి అది అర అంగుళం అవుతుంది. అప్పుడు కనిపిస్తుంది, అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు, విప్పడం తప్ప.

మరి ఓడలో ఇస్త్రీపెట్టె మాటేమిటి? క్యాబిన్లోకి తీసుకెళ్లనివ్వరు, దాదాపు ఏ కంపెనీ అయినా. ఓడలో నిప్పు భయం అలాంటిది. 1934 సెప్టెంబరులో మారో క్యాజిల్ అనే ప్రయాణికుల ఓడ హవానా నుంచి న్యూయార్క్ వస్తూ, న్యూజెర్సీ తీరం దగ్గర తగలబడిపోయింది. 137 మంది చనిపోయారు. తీరం దగ్గరే ఉండి కూడా బతకలేకపోయారు. ఆ తర్వాతే ఓడల్లో నిప్పుకి సంబంధించిన నిబంధనలు గట్టిపడ్డాయి. ఆ నిబంధనల్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. నా క్లాసులో ఒక ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడి, దానివల్ల రెండు వేలమంది లైఫ్ జాకెట్లు వేసుకోవాల్సిన పరిస్థితి వస్తే ఎలా అన్న ఆలోచనకే నాకు చేతులు చల్లబడతాయి.

క్లాసులో మాత్రం ముందుగా అడిగితే ఒకటో రెండో అనుమతిస్తారు. ఒకే టేబుల్ దగ్గర, ఎవరో ఒకరు పక్కన నిలబడి ఉండాలి. కరెంటు సంగతీ చూసుకోవాలి. మామూలు కుట్టుమిషన్‌కి వంద వాట్ల లోపే సరిపోతుంది. ఇస్త్రీపెట్టె వెయ్యికి పైగా లాగుతుంది. పది మిషన్ల కరెంటు ఒక్క ఇస్త్రీపెట్టెకి కావాలన్నమాట. అందుకే ఎక్కువ ఇవ్వరు. పద్నాలుగు మంది, రెండు ఇస్త్రీపెట్టెలు. నా ఆ క్లాసులో మనుషులు కుట్టిన సమయం కంటే ఇస్త్రీ దగ్గర వరసలో నిలబడ్డ సమయమే ఎక్కువ. ఆ వరసలో నిలబడ్డవాళ్లు ఒకరి చేతిలోవి ఒకరు చూసుకుంటారు. "మీవి అప్పుడే ఇన్నయ్యాయా" అనుకుంటారు. నేర్చుకోవడానికి వచ్చిన చోట పోటీ అలా పుడుతుంది. మూడో వరసలో ఆవిడ కళ్లలో నీళ్లు అక్కడి నుంచే వచ్చాయి.

కత్తెరల గొడవ చిన్నది. చాలా కంపెనీలు నాలుగు అంగుళాలు దాటిన అలుగులున్న కత్తెరని లోపలికి రానివ్వవు. చక్రంలా తిరిగే అలుగుతో గుడ్డ కోసే రోటరీ కట్టర్ని విమానంలో చేతిసంచిలోకి అనుమతించరు. ముక్కలన్నీ ముందే కోసి తీసుకెళ్తే సరి.

ఊపు సంగతి అంత తేలిగ్గా పోదు. ఈ కాలం ఓడలకి పక్కల నుంచి నీళ్లలోకి చాచే రెక్కలుంటాయి. అవి పక్కలకి ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి. ముందుకీ వెనక్కీ ఎగిరి పడే కదలికని మాత్రం ఆపలేవు. ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. కానీ మనకిచ్చే హాలు ఎక్కడుంటే అక్కడే కూర్చోవాలి. చాలాసార్లు దానికి కిటికీ కూడా ఉండదు. చెవి లోపలి భాగం శరీరం కదులుతోందని చెప్తుంటే, ఎదురుగా కదలకుండా ఉన్న గుడ్డని చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఆ రెండింటికీ కుదరకే కడుపులో తిప్పుతుంది. దానికి మందు దూరంగా ఆకాశం నీటిని తాకే గీత వైపు చూడ్డం. మిషన్ మీద కుట్టేవాళ్లు అలా చూడలేరు. సూది పైకీ కిందకీ ఆడుతుంటే కన్ను పక్కకి తిప్పితే వేలు పోతుంది. చేతికుట్టుకీ తల వంచాల్సిందే, కాదనను. కానీ ఏ కుట్టు దగ్గరైనా ఆగొచ్చు. సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టి, లేచి డెక్ మీదికి వెళ్లొచ్చు. గుడ్డని వెంట తీసుకెళ్లొచ్చు కూడా. నా వాదనంతా ఆ చివరి మాట మీదే నిలబడింది.

ఎందుకంటే ఓడ మీద కుట్టడం కొత్త సంగతి కాదు. దానికో పెద్ద సాక్ష్యం కాన్‌బెరాలో, ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది. 1841 ఏప్రిల్ 5న రాజా అనే ఓడ లండన్ దగ్గరి వూలిచ్ నుంచి బయల్దేరింది. అందులో 180 మంది మహిళా ఖైదీలు. శిక్ష పడి, ఇప్పుడు టాస్మేనియా అంటున్న ద్వీపానికి వెళ్తున్నవాళ్లు. జైళ్లలో ఆడవాళ్లకోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై, ఆవిడ తోటివాళ్లు నడిపిన సంఘం వాళ్లకి కుట్టు సామాను ఇచ్చి పంపింది. ఒక్కొక్కరికి వంద సూదులు, పిన్నులు, దారాలు, కత్తెర, సూది దిగకుండా వేలికి తొడుక్కునే టోపీ, రెండు పౌండ్ల బరువున్న గుడ్డముక్కలు. వాళ్ల బాగోగులు చూడ్డానికి కెజియా హేటర్ అనే యువతి వెంట వెళ్లింది. ఓడ జులై 19న ఆ ద్వీపంలోని హోబార్ట్ చేరింది. 105 రోజులు. ఆ ప్రయాణంలో వాళ్లు 2815 ముక్కలతో, ఒక్కో వైపు మూడు మీటర్లు దాటిన క్విల్ట్ కుట్టారు. రాజా క్విల్ట్ అంటే అదే. 1841 జూన్ అని దాని మీదే కుట్టి ఉంది, తమకి సామాను ఇచ్చినవాళ్లకి కృతజ్ఞతలతో పాటు.

వాళ్ల కష్టాన్నీ మన సెలవులనీ ఒకే గాటన కట్టడం లేదు. వాళ్లు ఇళ్లకి తిరిగి వెళ్లని ప్రయాణం చేస్తున్నారు. నేను చూసేది ఆ పని ఎలా సాగిందన్నదే. ఎలియాస్ హోవే కుట్టుమిషన్‌కి పేటెంట్ తీసుకున్నది 1846లో. రాజా అప్పటికి ఐదేళ్ల ముందే చేరిపోయింది. ఆ ఓడకి నీళ్లలోకి చాచే రెక్కలు లేవు. తెరచాపలతో, గాలి ఎటు తోస్తే అటు ఒరుగుతూ వెళ్లిన ఓడ. కుట్టినవాళ్లలో చెయ్యి తిరిగినవాళ్లూ ఉన్నారు, సూది కొత్తగా పట్టినవాళ్లూ ఉన్నారు. ఆ తేడా కుట్లలో ఇప్పటికీ తెలుస్తుంది. అయినా అది ఒకే క్విల్ట్. చిన్న ముక్క, ఒళ్లో పట్టేంత పని, ఎప్పుడైనా ఆపి ఎప్పుడైనా అందుకోగలిగే కుట్టు. ఓడకి కావాల్సింది అదే. ఆ 1841 నాటి సంచిలోని వస్తువుల పట్టికని మొదటిసారి చదివినప్పుడు నేను నా సామాను పట్టికని తీసి పక్కన పెట్టుకున్నాను. నాది రెండు పేజీలుంది. అందులో ఎక్స్‌టెన్షన్ బోర్డులు, బాబిన్లు, మిషన్ల బరువు, ఎన్ని ప్లగ్గులు, ఏ వోల్టేజి. చదువుతుంటే సిగ్గేసింది.

నేనిప్పుడు నేర్పేది ఆరుపలకల ముక్క. కాగితం మీద ప్రతి పలకా అంగుళం ఉండేలా గీసి కోసిన ముక్క ఒకటి. గుడ్డ దానికంటే చుట్టూ పావు అంగుళం ఎక్కువ. గుడ్డని బోర్లా వేసి, కాగితాన్ని మధ్యలో పెట్టి, ఒక అంచుని కాగితం మీదికి మడిచి గోటితో గట్టిగా గీయాలి. పక్క అంచు మడిచేసరికి మూల దగ్గర గుడ్డ మీద గుడ్డ చిన్న మడత పడుతుంది. సూదిని ఆ మడతలోనే దించి రెండుసార్లు చుట్టి, దారం తెంపకుండా తర్వాతి మూలకి వెళ్లాలి. ఆరు మూలలూ అయ్యేసరికి కాగితం గుడ్డలో బిగుసుకుని కూర్చుంటుంది. అరచేతిలో వేసుకుంటే బిళ్లలా గట్టిగా ఉంటుంది. మొదటి ముక్క పూర్తయినప్పుడు దాదాపు అందరూ దాన్ని టేబుల్ మీద ఒకసారి టక్‌మని కొట్టి చూస్తారు. ఎందుకో తెలీదు కానీ ఆ శబ్దం వింటే నాకు ప్రాణం లేచొస్తుంది.

తర్వాత రెండు ముక్కల మొహాలు ఎదురెదురుగా పెట్టి, అంచుకి అంచు ఆనించి, మడత మీది రెండు మూడు పోగుల్ని మాత్రం అందుకుంటూ చుట్టి కుట్టాలి. సూది లోతుగా దిగితే కాగితానికి గరుకుగా తగులుతుంది. వేలికే తెలిసిపోతుంది, నేను చెప్పక్కర్లేదు. దారం మోచేతి పొడవు చాలు. కొత్తవాళ్లు మాటిమాటికీ సూదిలో దారం ఎక్కించాల్సి వస్తుందని బారెడు తీసుకుంటారు, అది మూడో కుట్టుకే చిక్కు పడుతుంది. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు కుడితే ఏడు ముక్కల పువ్వు. ఇంకో వరస కలిపితే పంతొమ్మిది. ఇంకో వరసకి ముప్పై ఏడు. ఒక ముక్క ఆరు వైపులా పక్కవాటితో కలిసిపోయాక దాని లోపలి కాగితం తీసి మళ్లీ వాడుకోవచ్చు.

ఇందులో కొలత మొత్తం కాగితంలో ఉంది. ఓడ ఊగినా కాగితం కొలత మారదు. పావు అంగుళం కుట్టు తిన్నగా రావాలన్న బెంగ లేదు, ఎందుకంటే మడత ఎక్కడ పడాలో కాగితమే చెప్తుంది. ఇస్త్రీ పని గోరు చేస్తుంది. కరెంటు అక్కర్లేదు. సామాను మొత్తం ఒక చిన్న సంచిలో పడుతుంది. దీన్ని ఓడకోసమే ఎవరో కనిపెట్టారా అనిపిస్తుంది నాకు.

ఇక కాదనేవాళ్ల మాటలు.

మొదటిది, "వాళ్లు డబ్బు పెట్టి వచ్చారు, చేతిలో పూర్తయిన వస్తువు ఒకటి పట్టుకుని దిగాలి కదా". ఈ మాట నేనూ చాలా ఏళ్లు నమ్మాను. నమ్మి, కిట్లు చేసి, నడిసముద్రంలో జనాన్ని పరుగులు పెట్టించాను. ఆ పాత క్లాసులవాళ్లు తర్వాత ఎక్కడైనా కలిస్తే, అప్పటి క్విల్ట్ ఏమైందని అడుగుతాను. చాలామంది చెప్పే జవాబు ఒకటే. సంచిలో అలాగే ఉంది. సగం కుట్టిన బ్లాకులు, నేను హడావిడిగా రాసిచ్చిన కాగితం, తమది కాని మిషన్ మీద కుట్టిన కుట్లు. ఇంటికెళ్లి తెరిస్తే ఎక్కడ ఆపామో కూడా గుర్తుకు రాదు. ఆరుపలకల ముక్కలు నేర్చుకున్నవాళ్లలోనూ ముప్పై ఏడు ముక్కలు పూర్తి చేసి దిగినవాళ్లు తక్కువే. కానీ వాళ్లకి తర్వాతి ముక్క ఎలా చేయాలో తెలుసు. ముప్పై ఎనిమిదోది మొదటిదానిలాగే ఉంటుంది. ఆపిన చోటు అనేదే లేదు.

రెండోది, చేతికుట్టు పాతకాలం పని, ఇప్పటి క్విల్టింగ్ అంటే కట్టరూ మిషనూనే అని. నిజమే, 1979లో ఓల్ఫా అనే జపాన్ కంపెనీ రోటరీ కట్టర్ తెచ్చాక ఈ పని రూపమే మారిపోయింది. ఒక్క గీతలో నాలుగైదు పొరలు కోసేయొచ్చు. నా ఇంట్లో నేను కుట్టేవన్నీ మిషన్ మీదే. మిషన్ అంటే నాకు ప్రేమ. అందుకే, కదిలే నేల మీద, జారిపోయే పెడల్‌తో, పద్నాలుగు మందికి రెండు ఇస్త్రీపెట్టెలతో ఎవరికీ అది మొదటిసారి పరిచయం కాకూడదంటున్నాను. అలా పరిచయమైనవాళ్లు తప్పంతా తమ చేతిదే అనుకుంటారు. "నాకు ఇది రాదులెండి" అని వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినవాళ్లని నేను చూశాను.

మూడోది డబ్బు. మిషన్లు ఉంటేనే డీలర్ ముందుకొస్తాడు, ఓడ దిగాక ఇద్దరు ముగ్గురైనా కొంటారని. మిషన్లు లేకపోతే ఆ సాయం ఉండదు, టీచరుకి వచ్చేదీ తగ్గుతుంది. నాకు తగ్గింది. దీనికి నా దగ్గర జవాబు లేదు, తగ్గినా ఒప్పుకున్నానని చెప్పడం తప్ప.

నాలుగో మాట దగ్గర మాత్రం నేను తల వంచుతాను. వేళ్ల కీళ్లు వాచినవాళ్ల సంగతేమిటి? ఇలాంటి ట్రిప్పులకి వచ్చేవాళ్లలో పెద్ద వయసువాళ్లే ఎక్కువ. సన్నటి సూదిని రెండు వేళ్ల మధ్య గంటసేపు పట్టుకోవడం కొందరికి నరకం. మొదటి చేతికుట్టు క్లాసులో ఒకావిడ ఏమీ అనకుండా మూడు ముక్కలు కుట్టి, చేతిని ఒళ్లో దాచుకుని కూర్చున్నారు. నేను గమనించేసరికి ఆలస్యమైంది. రెండు రోజులు ఆవిడ బొటనవేలు వంచలేకపోయారు. చేతికుట్టు ఓడకి సరిపోతుందన్న ఉత్సాహంలో అది అందరి చేతులకీ సరిపోతుందని అనుకోవడం నా తప్పే. ఆ ఒక్క మిషన్ అందుకోసం. దాన్ని హాల్లో ఊపు తక్కువగా ఉన్న మూల పెట్టి, పెడల్ కింద జారని రబ్బరు చాప వేసి, సూది పట్టలేనివాళ్లకి మాత్రం ఇస్తాను. ఒక్క మిషన్ అయితే ఇస్త్రీకి వరస ఉండదు, పోటీ ఉండదు. మందంగా పట్టు దొరికే సూదులు, దారం తేలిగ్గా ఎక్కించే పనిముట్లు కూడా వెంట ఉంచుతున్నాను. క్లాసు మొదట్లోనే, అందరి ముందూ కాకుండా, ఒక్కొక్కరి పక్కన కూర్చుని చేతుల గురించి అడుగుతున్నాను.

మిషన్ల చప్పుడు పోయాక క్లాసులో ఇంకో మార్పు వచ్చింది. ఇదివరకు నేను అరిచి చెప్పేదాన్ని. ఇప్పుడు హాల్లో మాటలు వినిపిస్తాయి. ఒకరు చేసిన పొరపాటుని పక్కవాళ్లే సరిదిద్దుతారు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకి పక్కన కూర్చుని చూపిస్తే అంతా తలకిందులుగా కనిపిస్తుంది, ఎదురుగా కూర్చుంటే అద్దంలో చూసినట్టు సరిగ్గా అందుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది ఒక విద్యార్థే. పద్నాలుగు మిషన్ల మోతలో ఆ మాట చెప్పే వీలు కూడా ఉండేది కాదు.

క్లాసు హాలు దాటి కూడా వెళ్తుంది. అలాస్కా ట్రిప్పుల్లో, హిమనదాలున్న గ్లేసియర్ బే అనే అఖాతంలోకి వెళ్లే రోజు ఒకటి వస్తుంది. ఓడ ఎక్కడా రేవులో ఆగదు. మెల్లగా లోపలికి వెళ్లి మార్జరీ హిమనదం ముందు కాసేపు నిలబడుతుంది. నీటి అంచున లేచిన నీలిరంగు మంచుగోడ. అప్పుడప్పుడూ అందులోంచి ఒక ముక్క విరిగి పడుతుంది. పడ్డాక కొంతసేపటికి గానీ శబ్దం మన దాకా రాదు. షెడ్యూలు ప్రకారం అది క్లాసు రోజే. మిషన్లున్న రోజుల్లో ఆ సమయానికి కిటికీ లేని హాల్లో కూర్చుని కుట్టినవాళ్లున్నారు, వెనకబడిపోతామన్న భయంతో. నేనూ వాళ్లతో లోపలే ఉన్నాను. స్పీకర్లో హిమనదం గురించి చెప్తుంటే విన్నాను. అంత దూరం వెళ్లి, గోడ అవతలే ఉన్నదాన్ని చూడకుండా కుట్టించాను.

పోయినసారి ఆ రోజు హాలు తాళమే తీయలేదు. అందరం డెక్ మీదికి వెళ్లాం. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఎవరూ పెద్దగా కుట్టలేదు. జేబుల్లో ముక్కలున్నాయి, అంతే. ఒకావిడ రెయిలింగ్ పక్కన బెంచీ మీద కూర్చుని, చేతి తొడుగు ఒకటి తీసేసి, ఒక్క పలక కుట్టారు. మంచు విరిగి పడ్డప్పుడు తలెత్తారు, సూది గుడ్డలోనే ఉంది. శబ్దం వచ్చేదాకా అటే చూసి, మళ్లీ కిందికి చూశారు. ఆ పువ్వులో ఆ ఒక్క అంచు కుట్లు కొంచెం వంకరగా, ఎడంగా ఉంటాయి. నేను చూసి, విప్పమంటారా అని అడిగితే, "వద్దు మేడమ్, అది అక్కడ కుట్టింది" అన్నారు.

రాజా క్విల్ట్‌లో కూడా ఏవో కొన్ని కుట్లు గాలివాన రోజువి అయ్యుంటాయని అప్పుడనిపించింది.

ఓడ మీద టీచరుకి ఇంటికెళ్లడం ఉండదు. పొద్దున టిఫిన్ దగ్గర, లిఫ్టులో, రాత్రి భోజనాల వరసలో ఎవరో ఒకరు ముక్క తీసి చూపించి "ఇది సరేనా" అంటారు. దీన్ని భారంగా చెప్పే టీచర్లున్నారు, వాళ్ల అలసట నాకు అర్థమవుతుంది. మిషన్ల కాలంలో నాకూ భారమే, ఎందుకంటే లిఫ్టులో నేను చేయగలిగేది ఏమీ ఉండేది కాదు. సమస్య హాల్లో ఉండేది, నేను లిఫ్టులో ఉండేదాన్ని. ఇప్పుడు మూడో అంతస్తు నుంచి తొమ్మిదో అంతస్తుకి వెళ్లేలోపు ఒక మూల సరిచేసి ఇవ్వగలను. ఒడ్డున క్లాసులో విద్యార్థిని వారానికోసారి చూస్తాం, మధ్యలో చేసిన తప్పు వారమంతా ముదురుతుంది. ఓడలో అదే తప్పు మరుసటి పూటకే దొరుకుతుంది. నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు ఒడ్డున ఎక్కడా దొరకలేదు. ఆ మంచి చోటుని ప్లగ్గుల లెక్కలతో నింపేశామన్నదే నా బాధ.

వచ్చే ట్రిప్పుకి పేర్లిచ్చినవాళ్లకి ఉత్తరం మొన్ననే రాశాను. ఏం తెచ్చుకోవాలి, కత్తెర ఎంత పొడవుండాలి, చదివే కళ్లజోడు రెండోది వెంట ఉంచుకోమని, చేతుల నొప్పులుంటే ముందే నాకు ఒక మాట రాయమని. మొదటి వరసలో ఈ వాక్యం పెట్టాను: "ఈ ప్రయాణంలో మీరు బొంత పూర్తి చేయరు." పంపేముందు నిర్వాహకులు చూసి, మిగతాదంతా బాగుంది, ఆ ఒక్క వాక్యం తీసేయండి, చదివి జనం భయపడతారన్నారు. రెండు రోజులు ఆలోచించి, వాక్యం అలాగే ఉంచి పంపాను.

ఇరవై మందిలో ఇద్దరు మానుకున్నారు. మిగిలింది పద్దెనిమిది మంది, ఒక్కొక్కరికి ముప్పై ఏడు కాగితాలు. నిన్న రాత్రి కొయ్యడం మొదలుపెట్టాను. ఇప్పటికి రెండు వందలయ్యాయి.